ఈ మాత్ర వేసుకోవచ్చా? గర్భిణి ప్రశ్నకు ఒక్కమాట జవాబు ఎందుకు దొరకదు

2025 సెప్టెంబరు 22న అమెరికా ప్రభుత్వం చేసిన ఒక ప్రకటన దేశదేశాల గర్భిణులకు టెన్షన్ పెట్టింది. కడుపుతో ఉన్నప్పుడు పారాసిటమాల్ వాడితే పుట్టే బిడ్డకు ఆటిజం రావచ్చన్నది దాని సారం. రెండు రోజులు తిరక్కుండానే యూరప్ మందుల నియంత్రణ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుకొచ్చి, అలా తేల్చి చెప్పడానికి ఆధారం లేదన్నాయి. ఐదో నెలలో జ్వరంతో మంచమెక్కిన మనిషి ఈ రెండు మాటల్లో దేన్ని నమ్మాలి? గర్భిణికి డాక్టర్లు పెద్దగా జంకు లేకుండా రాసిచ్చే జ్వరం మాత్ర అంటూ ఉన్నది అదొక్కటే. చివరికి దాని మీదా అనుమానం పడింది.

ఈ తికమక పారాసిటమాల్‌తో మొదలైంది కాదు. నెల తప్పిందని తెలియక ముందే వేసేసుకున్న యాంటీబయాటిక్, పాలిచ్చే రోజుల్లో పంటినొప్పి మాత్ర, ఇరవై రోజుల పసికందుకు చుక్కల మందు... ఎవరు అడిగినా ప్రశ్న ఒకటే: "ఇది సేఫేనా?" అవును, కాదు అనే రెండు మాటల్లో దీని జవాబు ఇమడదు. ఎందుకు ఇమడదో తెలిస్తే, ఇలాంటి హెచ్చరిక వచ్చినప్పుడు దాని బరువెంతో అంచనా వేసుకోవడం తేలికవుతుంది.

క్లుప్తంగా

మందు వల్ల బిడ్డకు వచ్చే ముప్పును తేల్చేవి ఇవి: అణువు మావి దాటుతుందా లేదా, ఏ వారంలో దాటుతుంది, ఎంత మోతాదులో దాటుతుంది, ఆ మందు మానేస్తే జబ్బు ఏం చేస్తుంది. చివరిది చాలాసార్లు లెక్కలోకే రాదు. కాన్పు తర్వాత మావి పోయి తల్లిపాలు వస్తాయి, లెక్క మారుతుంది. బిడ్డకు నేరుగా మందు వేసేటప్పుడు మళ్లీ మారుతుంది, ఎందుకంటే పసి కాలేయం, పసి కిడ్నీలు పెద్దవాళ్ల వేగంతో పనిచేయవు.

మావి దేన్ని ఆపుతుంది, దేన్ని వదిలేస్తుంది

తల్లి రక్తం, బిడ్డ రక్తం నేరుగా కలవవు. రెంటి మధ్యా మావిలో పలుచని కణాల పొర ఉంటుంది. ఒకప్పుడు వైద్యులు కూడా దీన్ని కోటగోడ లాంటిదనే అనుకున్నారు. కానీ బిడ్డకు కావలసినవి అందించడమే దాని అసలు పని. ఆక్సిజన్, పోషకాలు వెళ్లే చోటునుంచే మందులూ వెళ్లిపోతాయి. అణువు ఎంత చిన్నదైతే, కొవ్వులో ఎంత తేలిగ్గా కరిగితే అంత సులువుగా దాటుతుంది. నోట్లో వేసుకునే మాత్రల్లో ఎక్కువ భాగం ఈ కోవలోవే. పేగు గోడ దాటి రక్తంలో కలవగలిగిన మందు మావి దగ్గర ఆగిపోవడం అరుదు.

రక్తం గడ్డకట్టకుండా వాడే రెండు మందులను పక్కపక్కన పెడితే ఇది బాగా అర్థమవుతుంది. వార్ఫరిన్ చిన్న అణువు. మావి దాటుతుంది. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య వాడితే బిడ్డ ముక్కు ఎముక, ఇతర ఎముకల ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది. హెపారిన్ అణువు చాలా పెద్దది, ఇటు నుంచి అటు పోలేదు. అందుకే చాలామంది గర్భిణులకు వార్ఫరిన్ ఆపి హెపారిన్ ఇంజెక్షన్ ఇస్తారు. అయితే గుండెలో లోహపు కవాటం ఉన్నవాళ్ల విషయంలో హెపారిన్ అన్నిసార్లూ సరిపోదు. కవాటం మీద రక్తం గడ్డకడితే తల్లి ప్రాణానికే ముప్పు కాబట్టి, బిడ్డకు కొంత ప్రమాదం ఉందని తెలిసి కూడా కొందరికి వార్ఫరిన్ కొనసాగించాల్సి వస్తుంది. "గర్భిణికి నిషిద్ధం" అన్న ముద్ర అక్కడ పనికిరాదు.

స్టెరాయిడ్ల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ప్రెడ్నిసొలోన్ మావిలోకి రాగానే అక్కడి ఎంజైము దానిలో ఎక్కువ భాగాన్ని నిర్వీర్యం చేస్తుంది. బిడ్డకు చేరేది దాదాపు పదో వంతు. కాబట్టి తల్లికి ఆస్తమా, కీళ్లవాతం ఉంటే దీన్ని ఎంచుకుంటారు. బీటామెథసోన్, డెక్సామెథసోన్ ఆ ఎంజైముకు అంతగా చిక్కవు, నేరుగా బిడ్డకు చేరతాయి. నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమవ్వడానికి వీటినే ఇస్తారు. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హౌయీ అనే ఇద్దరు డాక్టర్లు 1972లో ప్రచురించిన పరీక్షతో ఇది మొదలైంది. మూడూ స్టెరాయిడ్లే. ఒకటి తల్లి కోసం, మిగతా రెండూ బిడ్డ కోసం.

పెద్ద అణువులన్నీ ఆగిపోతాయనీ అనుకోకూడదు. యాంటీబాడీలను మావి తానే పట్టి బిడ్డవైపు పంపుతుంది, ఆఖరి నెలల్లో మరీ ఎక్కువగా. కోరింత దగ్గు, ఆర్‌ఎస్‌వీ (పసివాళ్ల ఊపిరితిత్తులను పట్టే వైరస్) టీకాలు గర్భిణికి వేసి బిడ్డను కాపాడగలగడం దీనివల్లే. కీళ్లవాతానికి, పేగు జబ్బులకు వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి యాంటీబాడీ మందులు కూడా ఇదే దారి పట్టి వెళ్తాయి. అవి బిడ్డ రోగనిరోధక శక్తిని కొంతకాలం తగ్గించగలవు కాబట్టి, అలాంటి మందు ఆఖరి నెలల్లో తీసుకున్న తల్లికి పుట్టిన బిడ్డకు బీసీజీ వంటి సజీవ టీకాలు (బలహీనపరిచిన సూక్ష్మజీవులుండేవి) కొన్ని నెలలు వాయిదా వేస్తారు. టీకా వేసేవాళ్లకు ఆ సంగతి తల్లి చెబితే తప్ప తెలియదు.

రోజుల లెక్క

డాక్టర్లు గర్భాన్ని చివరి బహిష్టు మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. అంటే "ఆరో వారం" అన్నప్పుడు పిండం వయసు నిజానికి నాలుగు వారాలే. ఈ రెండు వారాల తేడా మనసులో ఉంచుకోకపోతే తేదీలన్నీ తారుమారవుతాయి.

పిండం ఏర్పడిన తొలి రెండు వారాల్లో కణాలు ఇంకా విడివిడి పనులు పంచుకోలేదు. బలమైన దెబ్బ తగిలితే గర్భం నిలవదు. చిన్న దెబ్బయితే మిగతా కణాలు పూడ్చుకుంటాయి. నెల తప్పక ముందు తెలియక వేసుకున్న ఒకటి రెండు మాత్రల గురించి డాక్టర్లు ఎక్కువగా కంగారు పడకపోవడానికి కారణం ఇది. అయితే ఒంట్లో చాలాకాలం నిలిచిపోయే మందులకు ఈ ఊరట వర్తించదు. సోరియాసిస్‌కు వాడే అసిట్రెటిన్ మానేశాక మూడేళ్ల దాకా గర్భం రాకుండా చూసుకోమనడం ఊరికే కాదు.

ఆ తర్వాతి ఆరు వారాలు అసలు గడ్డుకాలం. అవయవాలు వరుసలో ఏర్పడతాయి, ఏ రోజు దెబ్బ తగిలితే ఆ రోజు పని ఆగుతుంది. దీన్ని ప్రపంచానికి నేర్పింది థాలిడమైడ్. 1957 అక్టోబరులో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా అమ్మకానికి వచ్చింది, డాక్టరు చీటీ లేకుండానే. వేవిళ్లకూ పనిచేస్తుందన్న పేరుతో గర్భిణులు వాడారు. చేతులు, కాళ్లు పూర్తిగా ఎదగని పిల్లలు పుట్టడం మొదలైంది. జర్మనీలో విడుకిండ్ లెంజ్, ఆస్ట్రేలియాలో విలియం మెక్‌బ్రైడ్ అనే డాక్టర్లు విడివిడిగా దీన్ని పట్టుకున్నాక 1961 నవంబరులో జర్మనీ మార్కెట్ నుంచి తీసేశారు. అప్పటికే పదివేల మందికి పైగా పిల్లలు దెబ్బతిన్నారు. అమెరికాలో నియంత్రణ సంస్థ అధికారి ఫ్రాన్సిస్ కెల్సీ, కంపెనీ ఎంత ఒత్తిడి తెచ్చినా అనుమతి ఇవ్వకుండా పట్టుబట్టడంతో ఆ దేశం చాలావరకు తప్పించుకుంది.

తర్వాత తల్లులు మాత్ర వేసుకున్న తేదీలను, పిల్లల లోపాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వరుస బయటపడింది. గర్భం ధరించిన 20వ రోజు నుంచి 36వ రోజు వరకే ముప్పు. ఆ కిటికీలో మొదట్లో వేసుకుంటే చెవులు, ఆ తర్వాత చేతులు, ఇంకా ఆలస్యమైతే కాళ్లు. కిటికీ మూసుకున్నాక వేసుకున్నవాళ్ల పిల్లలకు ఈ అవయవ లోపాలు రాలేదు. మాత్ర అదే, డోసూ దాదాపు అదే. మారింది తేదీ ఒక్కటే. ఎలుకలపై పరీక్షల్లో ఇది ఎందుకు దొరకలేదన్నది చాలా ఏళ్లు చిక్కుముడిగా ఉండిపోయింది. ఈ మందు సెరెబ్లాన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుందని 2010లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. ఎలుకల్లో ఆ ప్రొటీన్ నిర్మాణం కాస్త వేరు, అందుకే వాటిలో హాని బయటపడలేదు.

వెన్నుపాము విషయంలో గడువు ఇంకా ఇరుకు. మెదడు, వెన్నుపాముగా మారే నాళం గర్భం ధరించిన 28వ రోజుకల్లా మూసుకుపోతుంది. అంటే నెల తప్పిన రెండు వారాలకు. పరీక్ష చేసుకుని, అపాయింట్‌మెంట్ తీసుకుని, డాక్టరు దగ్గర కూర్చునేసరికే ఆ పని అయిపోయి ఉంటుంది. ఆ నాళం సరిగా మూసుకోవడానికి తోడ్పడే ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు గర్భానికి ముందు నుంచే మొదలుపెట్టమనడం ఈ గడువు వల్లే. అంతకు ముందు ఈ నాళం మూసుకోని లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు 4 మిల్లీగ్రాములు ఇస్తే మళ్లీ అలా జరగడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ ఆధ్వర్యంలో జరిగిన పరీక్ష తేల్చింది.

మూడు నెలలు దాటితే గండం గడిచిందనే మాట అన్ని మందులకూ చెల్లదు. బీపీకి వాడే ఎనలాప్రిల్ తరహా మందుల అసలు ప్రమాదం నాలుగో నెల తర్వాతే. బిడ్డ కిడ్నీలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గిపోతుంది, ఎందుకంటే ఆ దశలో ఉమ్మనీటిలో ఎక్కువ భాగం బిడ్డ మూత్రమే. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలను 20 వారాల నుంచి వీలైనంత మానమని అమెరికా నియంత్రణ సంస్థ 2020 అక్టోబరులో హెచ్చరించిందీ ఇలాంటి కారణానికే. 30 వారాల తర్వాత ఇవే మాత్రలు బిడ్డ గుండె దగ్గర పుట్టాకే మూసుకోవాల్సిన రక్తనాళాన్ని ముందే మూయగలవు. ఇదే కుటుంబానికి చెందిన ఆస్పిరిన్‌ను మాత్రం గుర్రపువాతం (గర్భంలో బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు) ముప్పు ఉన్నవాళ్లకు తక్కువ డోసులో డాక్టర్లే రాస్తారు. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఆరు నెలల కడుపులో వాడితే దాని గుర్తు పుట్టిన బిడ్డ పాలపళ్ల మీద పసుపు మరకగా కనిపిస్తుంది.

వేవిళ్ల మాత్రకు పడిన శిక్ష

థాలిడమైడ్ తర్వాత భయం ఎదురు దిక్కుకు పట్టింది. డాక్సిలమిన్, విటమిన్ బి6 కలిపిన వేవిళ్ల మాత్ర ఒకటి బెండెక్టిన్ పేరుతో 1956 నుంచి అమెరికాలో ఉండేది. లక్షలమంది వాడారు. దానివల్ల లోపాలు వచ్చాయంటూ కేసులు పడ్డాయి. పరిశోధనలు ఒకదాని తర్వాత ఒకటి దాన్ని నిర్దోషిగా చూపించినా, కోర్టు ఖర్చులు భరించలేక కంపెనీ 1983లో మార్కెట్ నుంచి తీసేసింది.

తర్వాత జరిగింది అనుకోని ప్రయోగం లాంటిది. మాత్ర నిజంగా హాని చేస్తున్నట్టయితే అది పోయాక పుట్టుక లోపాలు తగ్గాలి. తగ్గలేదు. వాంతులు ఆగక ఆస్పత్రిలో చేరే గర్భిణులు మాత్రం పెరిగారు. సరిగ్గా ముప్పై ఏళ్లకు, 2013లో, అదే కలయిక మరో పేరుతో అమెరికాలో మళ్లీ అనుమతి పొందింది. వైద్య చరిత్రలో థాలిడమైడ్‌కు దొరికిన చోటు ఈ కథకు దొరకలేదు. మందు ఇచ్చి చేసిన తప్పు బిడ్డ ఒంటి మీద కనిపిస్తుంది. ఇవ్వకుండా చేసిన తప్పు ఏ ఫొటోలోనూ పడదు.

ఒళ్లు మారితే డోసూ మారాలి

భయంతో మందు ఆపేయడం ఒక సమస్యయితే, పాత డోసునే కొనసాగించడం ఇంకొకటి. గర్భంలో రక్తంలోని ద్రవం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. కిడ్నీలు దాదాపు ఒకటిన్నర రెట్లు వడపోస్తాయి. కాలేయంలో కొన్ని ఎంజైములు జోరందుకుంటాయి, కొన్ని మందగిస్తాయి. కాఫీలోని కెఫీన్ మామూలుగా ఐదారు గంటల్లో సగం బయటికి పోతే, నెలలు నిండే సమయానికి అందుకు మూడింతల దాకా పడుతుంది. లామోట్రిజిన్ సంగతి తిరగబడి ఉంటుంది. ఫిట్స్‌కు వాడే ఈ మందు పిండానికి చాలా తక్కువ ముప్పున్న వాటిలో ఒకటి. కానీ గర్భిణి కాలేయం దాన్ని ఎంత త్వరగా ఖర్చు చేస్తుందంటే రక్తంలో సగానికి సగం తగ్గిపోవచ్చు. మాత్ర మానకుండా వేసుకుంటున్నా ఫిట్స్ వచ్చేది అందుకే. కాన్పయ్యాక కొద్ది రోజుల్లోనే కాలేయం పాత వేగానికి వస్తుంది. పెంచిన డోసు తగ్గించడం మరిస్తే అప్పుడు తల్లికి కళ్లు తిరగడం, తూలడం మొదలవుతుంది.

ఇదే జబ్బుకు వాడే వాల్‌ప్రోయేట్ పూర్తిగా మరో కొస. అది వాడిన గర్భాల్లో దాదాపు పదింట ఒకదానిలో పెద్ద లోపాలు, 30 నుంచి 40 శాతం పిల్లల్లో ఎదుగుదల, నేర్చుకోవడం వెనకబడటం కనిపించాయి. అందుకే పిల్లల్ని కనే వయసు స్త్రీలకు వేరే దారి ఉంటే దీన్ని రాయకూడదని 2018లో యూరప్ నియమాలు గట్టిగా బిగించింది. మరి కడుపు వచ్చిందని తెలిసిన రోజే ఈ మాత్ర తీసి పారేయాలా? అలా హఠాత్తుగా మానితే ఆగకుండా ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డ ఇద్దరి ప్రాణాలకూ ముప్పు రావచ్చు. మార్చాల్సింది గర్భానికి నెలల ముందు, డాక్టరు దగ్గర. తల్లికీ డాక్టరుకూ తీరిక ఉండేది అప్పుడే.

థైరాయిడ్ మాత్ర విషయం మరీ సూటిగా ఉంటుంది. తొలి నెలల్లో బిడ్డ తన థైరాయిడ్ హార్మోన్ కోసం తల్లి మీదే ఆధారపడుతుంది, కాబట్టి అప్పటికే మాత్ర వాడుతున్న తల్లి డోసు సాధారణంగా 25 నుంచి 50 శాతం పెంచాలి. ఆస్తమా ఇన్‌హేలర్ కూడా అంతే, మానితే బిడ్డకు ఆక్సిజన్ తగ్గుతుంది.

పారాసిటమాల్ లెక్క ఎక్కడ మెలిక తిరిగింది

గర్భంలో పారాసిటమాల్ వాడిన తల్లుల పిల్లల్లో ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవక, అతిచురుగ్గా ఉండే సమస్య) కాస్త ఎక్కువగా కనిపించిందని కొన్ని పరిశోధనలు చెప్పిన మాట వాస్తవం. అయితే పారాసిటమాల్ ఎవరూ ఊరికే వేసుకోరు. జ్వరం, ఇన్‌ఫెక్షన్, మైగ్రేన్, ఏదో ఒకటి ఉంటేనే వేసుకుంటారు. పిల్లల్లో తేడా వచ్చింది మాత్ర వల్లా, ఆ జబ్బు వల్లా, లేక తల్లీబిడ్డలకు ఉమ్మడిగా ఉన్న జన్యువుల వల్లా? మామూలు పోలిక దీన్ని విడదీయలేదు.

స్వీడన్ పరిశోధకులు 2024 ఏప్రిల్‌లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ ముఖ్యం. 1995 నుంచి 2019 వరకు పుట్టిన 24 లక్షలకు పైగా పిల్లల వివరాలు తీసుకున్నారు. మామూలుగా పోల్చినప్పుడు స్వల్ప పెరుగుదల కనిపించింది. ఆ తర్వాత ఒకే తల్లికి పుట్టిన తోబుట్టువులను పోల్చారు: ఒక కాన్పులో మాత్ర వాడింది, ఇంకో కాన్పులో వాడలేదు. తల్లి అదే, ఇల్లు అదే, జన్యువుల్లో దాదాపు సగం ఉమ్మడివే. ఆ పోలికలో తేడా మాయమైంది. ఈ అధ్యయనానికీ ఒక లోటు ఉంది. చీటీ లేకుండా దొరికే మాత్ర కాబట్టి వాడిన ప్రతి తల్లీ రికార్డులోకి ఎక్కి ఉండదు. అయినా తోబుట్టువుల మధ్య తేడా లేకపోవడాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. హెచ్చరిక చేసిన అమెరికా నియంత్రణ సంస్థ కూడా, మాత్రే కారణమని రుజువు కాలేదని తన ప్రకటనలోనే రాసింది. ఆ వాక్యం హెడ్డింగుల్లోకి రాలేదు.

తొలి వారాల్లో తగ్గని ఎక్కువ జ్వరానికీ వెన్నుపాము లోపాలకూ ముడి ఉందని పరిశోధనలు చాలాకాలంగా చెబుతున్నాయి. మాత్ర వేసుకోకపోవడాన్ని ఉచితమైన ఎంపికగా చూడలేకపోవడానికి ఇది కారణం. అవసరమైనప్పుడు, తక్కువ డోసు, తక్కువ రోజులు అన్న పాత సలహా మారలేదు.

అక్షరాలు, శాతాలు

మందుల మీద ఏ, బీ, సీ, డీ, ఎక్స్ అనే అక్షరాలు 1979లో అమెరికాలో మొదలై చాలా దేశాలకు అలవాటయ్యాయి. చూడ్డానికి మార్కుల జాబితాలా ఉండేది, నిజానికి కాదు. మనుషుల్లో సమాచారమే లేని మందులు కుప్పలుగా సీలో పడ్డాయి. గర్భనిరోధక మాత్రలు ఎక్స్‌లో ఉండేవి, బిడ్డకు హాని చేస్తాయని తేలి కాదు, గర్భిణికి వాటితో పని లేదు కనుక. తెలియక వాటిని కొనసాగించిన తల్లులు ఆ అక్షరం చూసి హడలిపోయేవారు. 2015 జూన్ 30 నుంచి అమెరికా ఈ అక్షరాలను తొలగించి, ముప్పును మాటల్లో వివరించే పద్ధతి తెచ్చింది. ఇంటర్నెట్‌లో పాత అక్షరాలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి.

అంకెలు చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. ఏ మందూ వాడని తల్లులకు పుట్టే పిల్లల్లో కూడా నూటికి సుమారు ముగ్గురికి ఏదో ఒక పెద్ద లోపం ఉంటుంది. "ముప్పు రెట్టింపు" అన్న వార్త ఎదురైతే, దేనికి రెట్టింపు అని అడగాలి. పదివేలలో ఒకటి రెండైనా అది రెట్టింపే.

తొలి సంకేతం ఎంత దారి తప్పించగలదో చూడాలంటే హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్ చాలు. 2018 మేలో ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో, గర్భం వచ్చేనాటికే దీన్ని వాడుతున్న తల్లుల 426 కాన్పుల్లో నలుగురు బిడ్డలకు వెన్నుపాము నాళం లోపం కనిపించింది. అంటే 0.94 శాతం. ఇతర మందులు వాడినవాళ్లలో అది 0.12 శాతమే. హెచ్చరికలు వెళ్లాయి, చాలాచోట్ల ఆడవాళ్లకు ఈ మందు ఇవ్వడం తగ్గించారు. లెక్కింపు మాత్రం ఆపలేదు. 2020 నాటికి 3,591 కాన్పుల్లో 7, అంటే 0.19 శాతం. నలుగురు అన్నది చాలా చిన్న సంఖ్య. ఒకరు అటూ ఇటూ అయినా శాతం ఊగిపోతుంది.

సమాచారం ఇంత ఆలస్యంగా రావడానికి మూలం మందుల పరీక్షల్లోనే ఉంది. థాలిడమైడ్ భయంతో 1977లో అమెరికా, పిల్లల్ని కనగల స్త్రీలను తొలి దశ పరీక్షల నుంచే దూరం పెట్టింది. ఆ నిషేధం 1993లో పోయినా గర్భిణులను తీసుకోవడానికి కంపెనీలు ఇప్పటికీ వెనకాడుతాయి. 2020లో కోవిడ్ టీకాల ప్రధాన పరీక్షల్లోనూ వాళ్లు లేరు. పరీక్షలో లేనివాళ్ల మీద మందు ప్రభావం తెలిసేది అది మార్కెట్లోకి వచ్చాక, ఎవరో ఒకరు దాన్ని వాడాకే.

పాలలోకి చేరేదెంత

కాన్పయ్యాక చాలామంది తల్లులకు వినిపించే సలహా, "మందు వాడినన్నాళ్లూ పాలివ్వకు". ఎక్కువ సందర్భాల్లో దీనికి ఆధారం లేదు. మావి ద్వారా వెళ్లే మందుతో పోలిస్తే పాలలోకి చేరేది సాధారణంగా చాలా తక్కువ. తల్లి రక్తంలో ప్రొటీన్‌కు గట్టిగా అంటుకున్న మందు పాలలోకి రాదు. పాలు రక్తం కన్నా కాస్త ఆమ్లం వైపు ఉండటంతో కొన్ని క్షార గుణమున్న మందులు అక్కడ చిక్కుకుని పేరుకుంటాయి. పాలలోకి వచ్చినా బిడ్డ పేగు దాటాలి. ఇన్సులిన్, హెపారిన్ వంటివి అక్కడే అరిగిపోతాయి.

దీన్ని కొలవడానికి డాక్టర్లు ఒక లెక్క వాడతారు. బిడ్డ కిలో బరువుకు రోజుకు సుమారు 150 ఎంఎల్ పాలు తాగుతుందనుకుని, అందులో చేరిన మందును తల్లి తన కిలో బరువుకు తీసుకున్న డోసుతో పోలుస్తారు. పది శాతం లోపుంటే సాధారణంగా ఫర్వాలేదంటారు. ఐబుప్రొఫెన్ ఒక శాతం కూడా ఉండదు. గర్భం సగం దాటాక మానాల్సిన ఆ మాత్రే పాలిచ్చేటప్పుడు నొప్పికి మొదటి వరస మందు. మానసిక జబ్బుకు వాడే లిథియం పది శాతం దాటగలదు, దానికి రక్తపరీక్షలతో గట్టి నిఘా కావాలి. నొప్పికి వాడే కోడీన్, ట్రమడాల్ సంగతి వేరు. కొందరి కాలేయం పుట్టుకతోనే వీటిని చాలా వేగంగా, చాలా బలమైన రూపంలోకి మారుస్తుంది, అది పాలతో చేరితే బిడ్డకు ప్రమాదం. తాను ఆ కొందరిలో ఉందో లేదో తల్లికి తెలియదు. పాలిచ్చేవాళ్లు వీటిని వాడొద్దని అమెరికా 2017లో హెచ్చరించింది. కేన్సర్ మందులు, థైరాయిడ్ జబ్బులకు ఇచ్చే రేడియోధార్మిక అయోడిన్ అయితే పాలు ఆపాల్సిందే.

పసి ఒంట్లో మందు

1959లో అమెరికా డాక్టర్లు ఒక విషాదాన్ని వివరించారు. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చిన నవజాత శిశువులు బూడిద రంగుకు మారి, రక్తపోటు పడిపోయి చనిపోయారు. మందును మూత్రంలో పోయేలా మార్చే కాలేయ ఎంజైము పసికందులో ఇంకా సరిగా పని మొదలుపెట్టదు. ప్రతి డోసూ ముందు డోసు మీద పేరుకుంది. కిడ్నీలదీ అదే కథ. పుట్టినప్పుడు వడపోత చాలా తక్కువ, రెండు వారాల్లో రెట్టింపవుతుంది, పెద్దవాళ్ల స్థాయికి రావడానికి ఏడాది పడుతుంది. అందుకే మూడో రోజు సరైన డోసు ఇరవయ్యో రోజుకు సరైనది కాకపోవచ్చు. పెద్దవాళ్లలో ఐదారు గంటల్లో సగమయ్యే కెఫీన్ పసివాళ్లలో మూడు నాలుగు రోజులు ఉంటుంది. ఊపిరి మధ్యమధ్యలో ఆగే నెలతక్కువ పిల్లలకు దాన్ని మందుగా రోజుకొక్కసారి ఇస్తే సరిపోవడం ఈ నిదానం వల్లే.

చర్మం కూడా దారే. 1972లో ఫ్రాన్స్‌లో హెక్సాక్లోరోఫిన్ అనే క్రిమిసంహారిణి ఎక్కువగా కలిసిన పౌడరు వల్ల 36 మంది పిల్లలు చనిపోయారు. ఒంటికి రాసిందే కదా అన్న ధీమా పసికందు దగ్గర చెల్లదు.

ఇవ్వకపోతే ప్రమాదమైనదీ ఒకటుంది, పుట్టగానే వేసే విటమిన్ కె ఇంజెక్షన్. ఈ విటమిన్ మావి నుంచి అంతంతమాత్రంగానే దాటుతుంది, తల్లిపాలలోనూ తక్కువే. అది లేక రక్తం గడ్డకట్టని బిడ్డకు వారాల తర్వాత మెదడులో రక్తస్రావం కావచ్చు. ఒక్క ఇంజెక్షన్ దాన్ని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది.

ఇంట్లో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం కొలత దగ్గరే. నాలుగు కిలోల బిడ్డకు పారాసిటమాల్ ఒక డోసు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన 40 నుంచి 60 మిల్లీగ్రాములు. ఐదు ఎంఎల్‌లో 120 మిల్లీగ్రాములున్న సిరప్ అయితే ఇది సుమారు 2 ఎంఎల్. ఒక్క ఎంఎల్‌లోనే 100 మిల్లీగ్రాములున్న చుక్కల మందయితే అర ఎంఎల్. "పారాసిటమాల్ రెండు ఎంఎల్" అన్న మాట ఒక్కటే గుర్తుంచుకుని చుక్కల సీసా నుంచి తీస్తే బిడ్డ ఒంట్లోకి పోయేది 200 మిల్లీగ్రాములు, నాలుగు రెట్లు. ఒకసారితో ఆగకుండా ఆరేడు గంటలకోసారి అదే జరిగితే కాలేయం దెబ్బతింటుంది. చెంచాల సైజు ఇంటింటికీ మారుతుంది కాబట్టి సీసాతో వచ్చిన సిరంజినే వాడాలి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2015లో చెంచా మాటే తీసేసి ఎంఎల్‌లోనే రాయమంది. 0.5 అని రాయాల్సిన చోట సున్నా వదిలేసి చుక్క పెట్టి 5 రాస్తే, ఆ చుక్క కంటికి ఆనకపోతే పది రెట్లు పడుతుంది.

పైన చెప్పిన లెక్కకు ముందు ఒక మెట్టుంది. నాలుగు కిలోల బిడ్డంటే సాధారణంగా రెండు నెలలు కూడా నిండని పసికందు. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ తాకితే, అంటే 100.4 ఫారన్‌హీట్, ఎన్ని చుక్కలు వేయాలన్నది రెండో ప్రశ్న. రక్తంలో, మూత్రంలో, మెదడు పొరల్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఆ వయసులో కనిపించే ఏకైక గుర్తు ఒక్కోసారి ఆ జ్వరమే. చుక్కలతో దాన్ని దించేస్తే డాక్టరు చూసేసరికి గుర్తు చెరిగిపోయి ఉంటుంది. థర్మామీటర్ అంకె, చూసిన టైము కాగితం మీద రాసుకుని బిడ్డను తీసుకుని ఆలస్యం చేయకుండా బయలుదేరాలి. చుక్కలు ఎన్నన్నది డాక్టరు చెబుతారు.